గుడారం పెద్దది, చేతులు తక్కువ

 

శీతాకాలం రాగానే సౌదీ అరేబియాలో కుటుంబాలు నగరాలు విడిచి ఎడారి బాట పడతాయి. వేసవిలో అడుగు మోపలేని నేల ఆ నెలలలో చల్లబడుతుంది. వాన పడిన చోట్ల పచ్చిక కూడా మొలుస్తుంది. గుడారం వేసుకుని, గహ్వా కాచుకుని, అయినవారితో ఒక రాత్రి గడిపి వచ్చే ఈ విహారాన్ని అక్కడివారు ‘కష్తా’ అంటారు. గత శీతాకాలంలో మేము మా పెద్దబ్బాయిని చూడడానికి రియాద్ వెళ్ళినప్పుడు ఈ మాట మొదటిసారి విన్న మా శ్రీమతి, “కష్టమా? దాని కోసం ఎడారి దాకా పోవడమెందుకు, ఇంట్లోనే ఉన్నది కదా!” అన్నది. అందరం నవ్వాము. మరునాడు ఎవరమూ నవ్వలేదు.

ఆ అనుభవాన్ని ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము. గల్ఫ్ దేశాలలో ఉన్న మన పిల్లలకే కాదు, సెలవులలో అనంతగిరి కొండలకో సూర్యలంక తీరానికో కుటుంబంతో వెళ్ళి గుడారంలో ఒక రాత్రి ఉండాలనుకునే వారికి కూడా ఇందులో పనికివచ్చే మాటలు కొన్ని ఉన్నాయని మా నమ్మకం.

రియాద్‌కు ఈశాన్యాన సుమామా అనే ఎడారి ప్రాంతం ఉన్నది. తోటి తెలుగు కుటుంబాలు రెండింటితో కలిసి అక్కడికి వెళ్ళాలని మా అబ్బాయి ఏర్పాటు చేశాడు. అందరూ ఒకే కప్పు కింద ఉండాలన్న ముచ్చటతో 12 మంది పట్టే కాన్వాసు గుడారం కొన్నాడు. రెండు నిట్రాళ్ళు, వాటిపై ఒక దూలం, అన్నీ ఇనుప గొట్టాలే. మూట బరువు 40 కిలోలకు పైమాటే. అయితే బయలుదేరవలసిన వారంలో ఒక కుటుంబంలో పిల్లవాడికి జ్వరం వచ్చింది. రెండవ కుటుంబ యజమానికి డ్యూటీ పడింది. అవి చాలవన్నట్టు మా అబ్బాయే మెట్ల మీద జారి కుడి మణికట్టుకు కట్టు కట్టించుకున్నాడు. మానుకుందామని ఒకసారి అనుకున్నాము. కానీ మూడు రోజుల ముందే సంచులు సర్దుకుని కూర్చున్న పిల్లల ముఖాలు చూసి ఆ మాట పైకి అనలేకపోయాము.

జుమా నమాజు ముగించుకుని బయలుదేరాము. కారు మా కోడలు నడిపింది. 2018 నుండి అక్కడ స్త్రీలు కారు నడపడానికి అనుమతి ఉన్నది. మేమిద్దరం, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనుమడు, ఆరేళ్ళ మనుమరాలు, ఏడాది పసివాడు, మొత్తం ఏడుగురం. మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పి. కోడలి చంకలో పసివాడు. అబ్బాయి చేయి మెడకు వేలాడుతున్నది. అంటే గుడారం నిలబెట్టడానికి పూర్తిగా పనికివచ్చే చేతులు మావి, మనుమడివి మాత్రమే.

మేము మూట విప్పుతుండగా, నూరు అడుగుల దూరంలో బస చేసిన ఒక వృద్ధ సౌదీ పెద్దమనిషి తన ఇద్దరు కొడుకులతో వచ్చి సలాము చేశాడు. సహాయం కావాలా అని అడిగాడు. మేము ముప్పై ఏళ్ళుగా మదరసాలో అరబీ బోధిస్తున్నవారం. బజారులో కూరగాయల బేరమాడడానికి కొరగాని మా పుస్తకాల అరబీ ఆ క్షణాన చక్కగా పలికింది: ఏమీ అవసరం లేదు, అల్లాహ్ మీకు శుభం కలిగించుగాక అన్నాము. పక్కన మనుమడు మావైపు గర్వంగా చూస్తున్నాడు. ఆ పెద్దమనిషి చిరునవ్వు నవ్వి వెనుదిరిగాడు.

తరువాత జరిగినది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. మూడు మేకులు మాత్రమే దిగగొట్టి, తలుపు జిప్పు మూయకుండానే ఒక నిట్రాడు మేము, మరొకటి మా కోడలు పైకెత్తాము. పసివాణ్ణి అప్పటికి నానమ్మకు అప్పగించింది. వాయవ్యం నుండి ఒక్క గాలి విసురు వచ్చి తెరచిన తలుపులోకి దూరింది. గుడ్డ తెరచాపలా ఉబ్బింది. కోడలి వైపు నిట్రాడు ఇసుకలో జారింది. దూలం కిందికి వచ్చింది. అక్కడ చాప మీద మనుమరాలు ఖర్జూరాలు తింటూ కూర్చుని ఉన్నది. ఇనుప గొట్టం ఆ పిల్ల మోకాలికి జానెడు దూరంలో పడింది. కోడలి ముంజేయి గీరుకుపోయింది.

మేము పిలవకముందే ఆ పెద్దమనిషి, కొడుకులు పరుగున వచ్చారు. పావుగంటలో గుడారం నిలబడింది. ఇందాక వద్దన్నారు కదా అని వారిలో ఒక్కరూ అనలేదు. ఆ వృద్ధుడు మా మనుమడి భుజం పట్టుకుని, గొట్టం పడితే తగలనంత దూరంలో నిలబెట్టి, తాడు కొస ఒకటి చేతికి ఇచ్చాడు. అంతే.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ‘అవసరం లేదు’ అన్న మా మాట ఎక్కడి నుండి వచ్చిందని మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాము. ఇతరులకు భారం కాకూడదన్న సంకల్పమా? కాదు. మనుమడి ముందు చిన్నబోకూడదన్న అహంకారం. మంచి పనులలో పరస్పరం సహకరించుకోవాలన్న దైవాజ్ఞను ఏటేటా విద్యార్థులకు వివరిస్తున్న మేము, అదే సహకారం మా గుడారం ముందుకు నడిచివస్తే తిప్పి పంపాము. ఆ అహంకారానికి మూల్యం ఆరేళ్ళ పసిపిల్ల చెల్లించవలసి వచ్చేదే.

మరునాడు ఇంటికి వచ్చాక మా అబ్బాయి, “ఇక ఈ గుడారాల జోలికి పోవద్దు అబ్బా” అన్నాడు. మా కోడలు మాత్రం ఒక మాట అన్నది: “తప్పు గుడారానిది కాదు అబ్బాజాన్, మన లెక్కది. పడుకునే తలలు లెక్కపెట్టాము గానీ నిలబెట్టే చేతులు లెక్కపెట్టలేదు.” ఆ ఒక్క మాటను మేము ఎన్నో ఉపన్యాసాల కంటే విలువైనదిగా భావిస్తున్నాము.

అన్‌నహ్ల్ సూరాలోని 80వ ఆయతు పశువుల తోళ్ళతో చేసిన ఇళ్ళను, అంటే గుడారాలను, అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొంటున్నది. ప్రయాణం చేసే రోజునా, బస చేసే రోజునా అవి తేలికగా ఉంటాయన్నదే అక్కడి భావం. ఈ ఆయతును మేము ఎన్నిసార్లు బోధించామో లెక్క లేదు. మోసే రోజు తేలిక అంటే ఏమిటో తెలుసు. నిలబెట్టే రోజు కూడా తేలికగా ఉండాలన్న మాటలోని విలువ మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆ తరువాత మేము తెలుసుకున్న విషయాలు, తిరిగి ఆచరించి చూసినవి, క్రమంగా చెబుతాము.

ఎంపిక

సంచి మీద ముద్రించిన సంఖ్యను యథాతథంగా నమ్మకూడదు. ‘8 మందికి’ అని ఉంటే, ఒక్కొక్కరికి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున, సామాను ఏదీ లేకుండా, భుజానికి భుజం ఆనించి పడుకుంటే పట్టేవారి లెక్క అది. పిల్లలు, పరుపులు, సంచులు ఉన్న కుటుంబం తమ సంఖ్యకు రెండు మూడు కలుపుకుని చూడాలి. అయితే ఆ కలిపిన సంఖ్యకు తగిన గుడారాన్ని ఎత్తే చేతులు ఉన్నాయా అన్నది అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న. లేనప్పుడు ఒక పెద్ద గుడారం బదులు రెండు చిన్నవి తీసుకోవడం మేలు. ఒక్కొక్కటీ ఒక మనిషి వేయగలడు. పురుషులకు ఒకటి, స్త్రీలకు పసిపిల్లలకు ఒకటి కేటాయిస్తే పర్దా సమస్య కూడా తీరుతుంది.

గుడారాలలో రకాలు ఉన్నాయి. మేము మొదట కొన్నటువంటి దూలం గుడారానికి రెండు నిట్రాళ్ళనూ ఒకేసారి ఎత్తాలి; గట్టి మనుషులు ఇద్దరు తప్పనిసరి. గొట్టాలతో గదిలా అమర్చే చట్రం గుడారానికి ఒక్కొక్క కాలి దగ్గర ఒక్కొక్కరు ఉంటేనే పని సులువు. వంగే ఫైబర్ కడ్డీలను అడ్డంగా దూర్చి నిలిపే గుండ్రటి గుడారాన్ని ఒక్కరు కూడా వేయవచ్చు. అయితే చాలా పెద్దదైతే కడ్డీలు పొడవై రెండవ మనిషి కావలసి వస్తుంది. గాలి పంపుతో దూలాలు నింపేవి ఒంటరిగా వేసుకోవచ్చు గానీ వాటికి బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. నడుమ ఒకే నిట్రాడు ఉండి గంట ఆకారంలో నిలిచే గుడారం చేతులు తక్కువగా ఉన్న కుటుంబానికి చాలా అనుకూలం. అడుగుభాగం చుట్టూ మేకులు కొట్టి, లోపలికి వెళ్ళి నిట్రాడు నిలబెడితే గుడారం దానంతటదే లేస్తుంది. మేము రెండవసారి ఇటువంటిదే తీసుకున్నాము. అంచుల దగ్గర తల తగులుతుంది గానీ, నడుమ నిలబడి నమాజు చేసుకోవడానికి కావలసినంత ఎత్తు ఉంటుంది. కొనేటప్పుడు దుకాణంలోనే లోపల నిలబడి చూడండి. ఖియాములో తల వంచుకోవలసి వచ్చే గుడారం పెద్దవారి నడుముకు కూడా మంచిది కాదు.

గుడ్డ విషయానికి వస్తే, నూలు కాన్వాసు గాలి ఆడనిస్తుంది, లోపల చెమ్మ పట్టదు. కానీ బరువెక్కువ, తడిగా మడిస్తే బూజు పడుతుంది. పాలిస్టర్ తేలిక, త్వరగా ఆరుతుంది. కానీ తెల్లవారేసరికి మన ఊపిరి ఆవిరే లోపలి గోడలపై నీటిచుక్కలై నిలుస్తుంది. అందుకే గాలికిటికీలు పైన ఒకటి, కింద ఒకటి ఉన్నదే తీసుకోవాలి. అరబ్బు బదూలు తరతరాలుగా మేక వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాలలో నివసించారు. వానకు ఆ నూలు ఉబ్బి నేత బిగుసుకుంటుంది. ఆ గుడారాలను నేసినదీ, బస చేసిన చోట నిలబెట్టినదీ ఎక్కువగా స్త్రీలే. కనుక గుడారం పని మగవారిదని మా కోడలి ముందు ఇక మేము అనము.

స్థలం

వాన లేదు కదా అని వాగు కడుపున గుడారం వేయకూడదు. ఎక్కడో దూరాన కొండల్లో కురిసిన వాన, మన నెత్తిన మబ్బు తునక కూడా లేని వేళ, వాగులో వరదై వస్తుంది. మెరక మీద చదునైన చోటు చూసుకోవాలి. వాహనాల చక్రాల జాడలకు దూరంగా ఉండాలి. తుమ్మజాతి చెట్ల కింద ముళ్ళు గుడారం అడుగును చీలుస్తాయి. రాళ్ళు ఏరడం పిల్లలకు అప్పగించదగిన పని.

తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. ఖిబ్లా కోసం గుడారాన్ని తిప్పవలసిన పని లేదు. చాపను తిప్పుకుంటే చాలు. వెలుతురు ఉండగానే పని ముగియాలి. అస్ర్ నమాజు వేళకు మొదలుపెడితే మగ్రిబ్ లోపు తీరికగా ముగుస్తుంది.

నిలబెట్టే క్రమం

మొదటిసారి ఎడారిలో కాదు, ఇంటి మిద్దె మీదనో పెరట్లోనో విప్పి చూడండి. మేకులు, తాళ్ళు లెక్కపెట్టండి. జతపడే గొట్టాల కొసలకు ఒకే రంగు టేపు చుట్టండి. మేము మిద్దె మీద అమర్చి చూసినప్పుడు గంటన్నర పట్టింది. ఎడారిలో నలభై నిమిషాలే పట్టింది.

బయట వేసేటప్పుడు ముందుగా గాలి వచ్చే వైపు అంచుకు మేకులు కొట్టాలి. అప్పుడు గుడ్డ ఎగిరిపోకుండా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ తరువాత గుడ్డను ఎదురువైపుకు లాగి అక్కడ, ఆపై ప్రక్కల కొట్టుకుంటూ రావాలి. తలుపు జిప్పులన్నీ మూసి ఉంచాలి. మా కొంప ముంచినది తెరచిన తలుపే. మూసి మేకులు కొడితే ఆకారం సరిగ్గా వస్తుంది, తరువాత జిప్పు పట్టేయదు. అన్ని మేకులూ దిగిన తరువాతే నిట్రాడు ఎత్తాలి. ఎత్తే సమయంలో పిల్లలు నిట్రాటి పొడవు కంటే ఎక్కువ దూరంలో, కనబడే చోట నిలబడాలి. చివరగా తాళ్ళు ఎదురెదురు జతలుగా బిగించాలి. ఒకవైపు అంతా ముందే బిగిస్తే నిట్రాడు ఒరిగిపోతుంది.

మేకు తల గుడారానికి దూరంగా వాలి ఉండాలి. నేలలోకి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా దిగాలి. నిటారుగా కొట్టినది తాడు లాగగానే ఊడివస్తుంది. నేలను బట్టి మేకు మారాలి. మన మొరం నేలకు సన్నని గట్టి ఉక్కు మేకు కావాలి. నల్లరేగడిలో ఎండినప్పుడు దిగిన మేకు, వాన పడితే వదులైపోతుంది. రాత్రి ఒకసారి లేచి చూసుకోవాలి. ఇసుకలో వెడల్పాటి పొడుగు మేకులు కావాలి. అవీ నిలవనంత వదులు ఇసుకైతే ఒక సంచిని ఇసుకతో నింపి, దానికి తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టాలి. మేకు కంటే అది గట్టిగా పట్టి ఉంచుతుంది. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భరోసా ఉంచమన్న దైవప్రవక్త (స) బోధనను మనం పిల్లలకు కథగా చెబుతాము. మేకు కొట్టేటప్పుడు అదే బోధనను వారి చేతులతో చేయించవచ్చు.

నిప్పు

ఇది అన్నిటికంటే ముఖ్యం. గుడారం లోపల పొయ్యి, బొగ్గుల కుంపటి, అగరు ధూపపు నిప్పు ఏదీ వద్దు. 1997 ఏప్రిల్ 15న మినాలో హాజీల గుడారాలకు నిప్పంటుకుని 343 మంది మరణించారు. ఆ తరువాతే అక్కడ నిప్పు అంటుకోని పూత గల ఫైబర్ గ్లాసు గుడారాలు వచ్చాయి. మనం కొనే గుడారాలకు ఆ రక్షణ ఉండదు. మంట లేని బొగ్గులు కూడా ప్రమాదమే. చలికి తలుపులు మూసి కుంపటి లోపల పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు ఇక లేవరు. చలికి మరొక దుప్పటి కప్పుకోండి, నిప్పు మాత్రం బయటే ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు గుడ్డను ఎండనిచ్చి, ఇసుక దులిపి, మేకులు లెక్కపెట్టి మడవండి. మన తరువాత అక్కడికి వచ్చేవారికి మన చెత్త మిగల్చకండి.

ఇక చివరి మాట. మూడు వారాల తరువాత మళ్ళీ సుమామా వెళ్ళాము. పాత గుడారాన్ని మనుషుల బలం గల ఒక పెద్ద కుటుంబానికి ఇచ్చివేశాము. కొత్త గుడారం మేము, మనుమడు, మధ్యలో కొద్దిసేపు కోడలు, అంతే, ముగ్గురమే నిలబెట్టాము. మనుమరాలు మేకుల సంచి పట్టుకుని చెప్పిన దూరంలో నిలబడింది. ఒక మూల తాడు మాత్రం ఎంత చేసినా నిలవలేదు. అక్కడ ఇసుక మరీ వదులు. సంచి పాతడానికి గొయ్యి తవ్వాలి. మా నడుము అప్పటికే వంగనంటున్నది. మనుమడు కాసేపు మా ముఖం చూశాడు. తరువాత మెల్లగా అడిగాడు: “దాదాజాన్, పక్కవారిని పిలవనా?”

పిల్లవాడు అనుమతి కోసం అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో మా మొదటి రోజు పాఠం మొత్తం ఉన్నది. వాడు మా అరబీని మరచిపోయి ఉంటాడు. మా తిరస్కారాన్ని మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

“వెళ్ళి సలాము చేసి అడుగు” అన్నాము.

ఇద్దరు యువకులు పార తీసుకుని వచ్చారు. ఐదు నిమిషాల పని. మా శ్రీమతి వారికి చాయ్ పోసి ఇచ్చింది. రాత్రి గాలి బాగానే వీచింది. గుడారం కదలలేదు. మేము హాయిగా నిద్రపోయాము.

వస్సలాము అలైకుమ్.